అన్నం కింద బెల్లం

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతి దేవుడెరుగు, గద్వాలలో ఐజ రోడ్డు మీదున్న బాలికల సదనం వంటింటి రేకులు మాత్రం పొద్దున తొమ్మిదికే పెటపెటమంటున్నాయి. ఆ రేకుల కింద కాళ్ళు చాపుకుని కూర్చుని జోగులమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా ఇంకో చేట పట్టుకుని సుబిన్ కూడా ఏరుతోంది. ఏరుతోందనడం కంటే, దొరికిన ప్రతి రాయినీ రెండు వేళ్ళతో ఎత్తి చూపిస్తోందనడం సబబు.

“అవ్వా, రాయి!”

“రాయే బిడ్డా, పారెయ్యి. ముక్కుపుడక చేపించుకుంటవా ఏంది?”

సుబిన్‌ది కొరియా దేశం. ఆరు నెలలు పిల్లల మధ్య ఉండి, వాళ్ళకు నాలుగు అక్షరాలు చెప్పి, చేతనైన పని చేసిపోతానని మార్చిలో ఒక సంచీ భుజాన వేసుకుని దిగింది. రెండో రోజుకే పిల్లలు ఆమెను సుబ్బక్కను చేసేశారు. జోగులమ్మ మాత్రం పది రోజులు అంటీ ముట్టనట్టే ఉంది. ఇంతకు ముందు దూరం నుంచి వచ్చినవాళ్ళు లేకపోలేదు. బిస్కెట్లు పంచి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు దిగి, మూడో రోజుకు కడుపు పట్టుకుని పోయినవాళ్ళే అందరూ. ఈ పిల్లా అంతేలే అనుకుంది.

అంతే కాదని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మొదటి రోజు మామిడికాయ తొక్కు నోట పెట్టుకుని, కళ్ళ వెంట ముక్కు వెంట నీళ్ళు కార్చుకుని, చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ అదే తొక్కులో వేలు పెట్టింది. స్నానానికి ఒక్క బకెట్ నీళ్ళేనని తెలియక ఒంటినిండా సబ్బుతో లోపలే నిలబడి “నీళ్ళు! నీళ్ళు!” అని అరిచింది. వారం తిరక్కుండా అదే బకెట్‌తో తలకు కూడా పోసుకుని, మిగిలిన చెంబెడు నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయడం నేర్చింది. మొదట్లో అన్నం కలిపితే మోచేతి దాకా కారేది, ఇప్పుడు వేళ్ళ కొసలతో ముద్ద కడుతుంది. కరెంటు పోతే దుప్పటి తడిపి కిటికీకి కట్టుకుంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు. సాయంత్రం పూట మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లల తలలు ఒళ్ళో పెట్టుకుని పేలు చూస్తుంది, అదొక ఎత్తు. మొదటిసారి అది చూసినప్పుడు జోగులమ్మ చేతిలోని గరిటె చేతిలోనే ఉండిపోయింది. కన్నపేగు కాదు, వరస కాదు, భాష కాదు, దేశం కాదు. సముద్రం అవతల ఏ తల్లో కన్న పిల్ల వచ్చి మా పిల్లల నెత్తిలో పేలు చంపుతోందే! ఔరా, దేవుడు ఎవర్ని ఎక్కడ పుట్టించి ఎక్కడికి తోలుతాడో అనుకుంది. ఆ పూట నుంచి అవ్వా, బిడ్డా అనే పిలుపులు స్థిరపడిపోయాయి.

జోగులమ్మకు ఒక అలవాటుంది. సదనంలో కొత్త పిల్లను ఎవరు దించిపోయినా, తల్లి గానీ అమ్మమ్మ గానీ మేనత్త గానీ, వాళ్ళకు తాగడానికి నీళ్ళిచ్చి ఒక్క మాట అడుగుతుంది, “ఈ పిల్ల ఎప్పుడు పుట్టింది?” అని. వాళ్ళు తారీఖులు చెప్పరు. ఉగాది మరునాడంటారు, జూరాల గేట్లెత్తిన రోజంటారు, పెద్దాయన పోయిన పదకొండో దినం అంటారు. జోగులమ్మ రాసుకోదు, రాయడం రాదు కూడా. కానీ ఏడాది తిరిగి ఆ రోజు రాగానే ఆ పిల్ల పళ్ళెంలో అన్నం కింద ఒక బెల్లం ముక్క ఉంటుంది. ఎందుకో ఎవరికీ చెప్పదు. పిల్లలు దాన్ని అదృష్టం అనుకుని “నాకొచ్చింది, నాకొచ్చింది!” అని గంతులేస్తారు. ఏప్రిల్‌లో వర్ష అనే పిల్లకు వచ్చినప్పుడు అందరూ వర్ష వైపు చూస్తే, సుబిన్ ఒక్కతే జోగులమ్మ వైపు చూసింది.

బియ్యం పని కాగానే సుబిన్ పెద్ద చార్టు తెచ్చి నేల మీద పరిచింది. పన్నెండు నెలలకు పన్నెండు గళ్ళు. ఆఫీసు రిజిస్టర్ చూసుకుంటూ ఎవరి నెలలో వాళ్ళ పేరు రంగు పెన్సిళ్ళతో రాస్తోంది. పక్కన కూర్చుని షబానా అక్షరాలు దిద్దుతోంది. సదనంలో అందరికంటే పెద్దది షబానాయే. ఇంటర్ మొదటి సంవత్సరం గట్టెక్కింది. ఇంకో ఏడాది చదివి నర్సు కోర్సులో చేరతానని వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంటుంది.

జోగులమ్మ చేట పక్కన పెట్టి చార్టు మీదికి వంగింది. “ఏందే గిది? ఒక్క గడిల సంత కూడినట్టు కూడిండ్రు, తతిమ్మ గళ్ళన్ని బోడిగున్నయి?”

“జూన్ అవ్వా గది,” అంది షబానా నవ్వుతూ. “ఇరవై ముగ్గురిల పంతొమ్మిది మందిమి జూన్ ఒకటే.”

సుబిన్ పెన్సిల్ ఆపి, “ఇక్కడ అమ్మలు అందరు ఒక్క దినం?” అని అడిగింది.

జోగులమ్మకు నవ్వాగలేదు. “అమ్మలు కాదు బిడ్డా, పంతుళ్ళు కన్నరు. బడిల ఏసేటప్పుడు తారీఖు తెల్వకపోతే జూన్ ఒకటి రాస్తరు. గది కాయితం పుట్టుక. అమ్మ కన్న పుట్టుక ఏరే ఉంటది.”

“అవ్వకు తెల్సు,” అంది సుబిన్. అడగడం కాదు, చెప్పడమే. “బెల్లం.”

జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొంగతనం పట్టుబడ్డట్టయింది. “సాల్లే ఊకో,” అని, మాట మార్చడానికి షబానా పేరు ఎక్కడుందో సుబిన్ చేత వేలు పెట్టించింది. “గీమెది ఏ ఏడు రాసిండ్రు?”

“రెండువేల ఎనిమిది,” అని చదివింది సుబిన్.

“ఎనిమిదా? అలంపురం మునిగింది ఎప్పుడే షబానా?”

“తొమ్మిదిల అవ్వా,” అంది షబానా. ఆ గొంతులో నవ్వు లేదు.

“వరదలల్ల పుట్టినదానివి, వరద రాకముందు ఏడాది ఎట్ల పుడ్తవే?”

షబానా పెన్సిళ్ళు ఒక్కొక్కటే డబ్బాలో సర్దడం మొదలుపెట్టింది. అదే సమయానికి సూపరింటెండెంట్ భార్గవి మేడం చేతిలో కాగితంతో వంటింటి గడప దగ్గరికి వచ్చింది. వనపర్తి అమ్మాయి, ముప్పై దాటలేదు, పిల్లలంటే ప్రాణం, కాగితమంటే భయం.

“షబానా, జర ఇటు రా,” అంది. షబానా లేచే లోపలే విషయం చెప్పేసింది. చెప్పలేని మాటను గబగబా చెప్పి వదిలించుకునే తీరు ఆమెది. జూన్ ఒకటికి షబానాకు పద్దెనిమిది నిండుతాయి. ఆ రోజు నుంచి పిల్లల సదనంలో ఉండడానికి లేదు. హైదరాబాద్‌లో పెద్దపిల్లల హాస్టల్‌కు పంపమని ఉత్తర్వు. అక్కడ కుట్టు మిషన్ నేర్పుతారట.

“మరి రెండో ఏడు చదువు?” అంది జోగులమ్మ.

“అక్కడ చూస్తరట,” అంది భార్గవి, కాగితం మడిచి.

“మేడం, గా పిల్లకు పదహారు దాటి ఎనిమిది నెలలే. నేనే పట్టిన. నా చేతులల్ల పుట్టింది.”

భార్గవి విస్తుపోయింది. “ఈ పిల్ల నాలుగేండ్ల నుంచి ఇక్కడనే ఉన్నది. ఎన్నడన్న చెప్పినవా?”

“ఎవరు అడిగిండ్రు మేడం? కూర ఏమొండినవని అడుగుతరు గానీ.”

భార్గవి గడప మీదే కూర్చుని దారి చెప్పింది. శుక్రవారం జిల్లా పిల్లల సంక్షేమ కమిటీ కూర్చుంటుంది. అక్కడ అర్జీ పెట్టొచ్చు. కానీ తప్పు తారీఖు ఎట్లా పడిందో రాయాలి. తల్లి బడిలో వయసు తప్పు చెప్పిందని రాయాలి.

“వద్దు మేడం,” అంది షబానా. “నేను హైదరాబాద్ పోత.”

ఆ మాట అని లోపలికి పోయి, పెట్టె తీసి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

*

మధ్యాహ్నం అన్నాలయ్యాక జోగులమ్మ చింతపండు గింజలు తీసే పని పెట్టుకుంది. షబానాను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. చేతికి పని ఇస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుందని ఆమెకు తెలుసు. సుబిన్ కూడా వచ్చి గోడకు ఆనుకుని ఒక ఉండ చేతిలోకి తీసుకుంది.

పది గింజలు రాలిన తర్వాత షబానా నోరు విప్పింది.

“బడిల అన్నం పెడుతుండ్రి అవ్వా. అమ్మ కూలికి పోతె నన్ను చూసెటోళ్ళు లేరు. ఆరేండ్లు నిండితెనే ఒకటో తరగతి అన్నరు. నాకు నాలుగున్నర. పంతులేమో చెయ్యి నెత్తి మీదికెళ్ళి పోనిచ్చి అవతలి చెవి అందుకొమ్మంటుండె. అందితె ఆరేండ్లున్నట్టు. నాకు అందకపోతుండె. అమ్మ వారం దినాలు నేర్పింది. తల జర ఇట్ల వంచాలె, భుజం పైకి లేపాలె, ముఖం నవ్వుతుండాలె. పంతులు ముంగట పట్టుకున్న. ఆ పొద్దు బడిల గుడ్డు పెట్టిండ్రు. సగం జేబుల ఏసుకొచ్చి అమ్మకిచ్చిన.”

జోగులమ్మ చేతులు ఆగాయి. షబానా తల్లి గౌసియాబీ ముఖం ఆమె కళ్ళముందు నిలబడింది. రోగం ముదిరాక, నాలుగేళ్ళ కింద ఈ వంటింటి గడప దగ్గరే నిలబడి, “జోగులక్కా, నువ్వు పట్టిన పిల్లనే, నీ దగ్గరికే తెచ్చిన,” అన్న ముఖం అది.

“అమ్మ గురించి సర్కారు రాసిన కాయితం ఒక్కటే అవ్వా,” అంది షబానా. “గది ఆమె పోయిందని. ఇంగొకటి ఆమె అబద్ధమాడిందని రాపియ్యాల్నా? నాతోని కాదు.”

పిల్ల చెప్పింది న్యాయంగానే ఉంది. చదువు పోతే పోయె, తల్లి మీద మాట రావద్దన్న పిల్లను ఏమని తిడతాం? జోగులమ్మ చింతపండు పిసకసాగింది.

సుబిన్‌కు ఆ మాటల్లో సగమే అర్థమైంది. చెవి సంగతి మళ్ళీ అడిగి, షబానా చేత చేయించి, తనూ చేసి చూసుకుంది. తర్వాత చింతపండు చేతులు చీరకొంగుకు తుడుచుకోబోయి, తనకు కొంగు లేదని గుర్తొచ్చి, ప్యాంటుకు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. తెలుగు చాలనిచోట చేతులు, చేతులు చాలనిచోట ఇంగ్లీషు, ఇంగ్లీషును షబానా తెలుగు చేస్తూ పోయింది.

“మా దేశంల బేబీ పుట్టంగనే ఒక ఏడు. అమ్మ కడుపుల ఉన్నది కూడా లెక్క. కొత్త సంవత్సరం వస్తది, అందరికి ఒక ఏడు పెరుగుతది. డిసెంబర్ ముప్పై ఒకటి బేబీ పుట్టింది అనుకో. తెల్లారి రెండేండ్లు.”

“ఓయమ్మ! రెండు దినాల గుడ్డుకు రెండేండ్లా?”

“అవును. నాకు ఇరవై నాలుగు ఉండె. తర్వాత చట్టం వచ్చింది. ఆ లెక్క వద్దు, పుట్టినరోజు లెక్కనే లెక్క. నేను పొద్దున లేసిన, ఇరవై రెండు.”

“నువ్వొక్కదానివేనా?”

“అందరు. మా అమ్మ, నానమ్మ, పోలీసు, మినిస్టర్. దేశం మొత్తం.”

జోగులమ్మ చింతపండు చేత్తోనే బుగ్గ నొక్కుకుంది. వరదలు చూసింది, కరువు చూసింది, కరోనా చూసింది. కానీ ఒక దేశం దేశమే ఒక్క పొద్దున లేచేసరికి రెండేళ్ళు చిన్నదైపోవడం ఆమె ఎన్నడూ వినలేదు. ముసలివాళ్ళూ పసివాళ్ళూ అందరూ కలిసి ఏటికి ఎదురు నడిచినట్టు వెనక్కి నడిచారన్నమాట!

“మరి వెనకటి లెక్క చెప్పిన తల్లులను ఏమన్నరు? అబద్ధమాడిండ్రన్నరా?”

సుబిన్ అర్థం కానట్టు చూసింది. “ఎందుకు? అమ్మ తప్పు కాదు. అప్పుడు ఆ లెక్క. ఇప్పుడు ఈ లెక్క.”

జోగులమ్మ షబానా వైపు తిరిగింది. “ఇన్నవా? గంత పెద్ద దేశమే చిన్నగైతె ఒక్క తల్లికి మాట రాలే. నువ్వొక్కదానివి చిన్నగైతె మీ అమ్మకొస్తదా? నీ కడుపుకోసం గామె నిన్ను పెద్దదాన్ని చేసింది. ఇప్పుడుంటె నీ చదువుకోసం గామెనే నిన్ను చిన్నదాన్ని చేస్తుండె. ఎవరి ముంగటికన్న పోతుండె, నాకు తెల్వదా గౌసియాబీ సంగతి!”

షబానా చేతిలోని గింజను వేళ్ళ మధ్య నలిపి నలిపి, దాని మీది పీచు పోయి నున్నగా అయ్యాక గిన్నెలో వేసింది.

“మేడం రాయొద్దు,” అంది చివరికి. “నేనే చెప్త. అమ్మ నేర్పింది నేనే చూపిస్త.”

*

బుధవారం, మరునాడు బక్రీద్ సెలవు, ఆ రెండు రోజులూ సుబిన్ మాట మీద పిల్లలందరి అసలు పుట్టినరోజులు రాసే పనే. జోగులమ్మ పొయ్యి దగ్గర నిలబడి చెబుతుంటే సుబిన్ పాత క్యాలెండర్లు ఫోన్లో వెతికింది, షబానా రాసింది. ఇరవై ముగ్గురు పిల్లలు. ఒక్కొక్కరి పేరు చెప్పగానే జోగులమ్మ కళ్ళు సగం మూసి, గరిటె తిప్పుడు ఆపకుండా, ఆ పిల్లను దించిపోయినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. ఏ మాసం, ఏ వారం, పున్నమికి అటా ఇటా, ఆ పొద్దు వాన పడిందా లేదా. ఒక్క పేరు దగ్గర కూడా తడుముకోలేదు. ఆఖరి పేరు అయ్యాక సుబిన్ పెన్ను కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆమెకు తలవంచి దండం లాంటిది పెట్టింది. జోగులమ్మ కంగారుపడి, “గదేం పని, లే లే, పప్పు మాడుతది,” అని కసిరింది.

శుక్రవారం పొద్దున భార్గవి మేడం బీరువా వెతికి నలుగురు పిల్లల దవాఖాన చీటీలు బయటికి తీసింది. ఆ నలుగురికే పుట్టిన నాటి చీటీలున్నాయి. షబానా, జోగులమ్మ, సుబిన్‌లతో ఆటోలో పోతూ వాటిని షబానా రాసిన కాగితంతో పోల్చి చూసింది. మూడు సరిపోయాయి. నాలుగోది చూసి ఆమె ముఖం వాడింది. చీటీలు మడిచి సంచిలో పెట్టుకుంది.

కమిటీ గదిలో ఒక పొడుగు బల్ల, ఆరు కుర్చీలు, గర్రుగర్రుమంటున్న కూలర్. మధ్యలో కూర్చున్న కమిటీ పెద్ద ఉమ మేడం రిటైరైన పంతులమ్మ. పక్కన గుమస్తా శ్రవణ్ కుమార్. ఉమ మేడం మొదట పదో తరగతి మెమోలో తారీఖు చూసింది, తర్వాత షబానాను చూసింది. తారీఖు తప్పెట్లా పడిందని అడిగింది.

షబానా లేచి నిలబడింది. కుడిచేయి పైకెత్తి, నెత్తి మీదుగా పోనిచ్చి, తల కొంచెం వంచి, భుజం లేపి, ఎడమ చెవి పట్టుకుంది. చిన్నప్పుడు నేర్పినట్టే నవ్వు ముఖం పెట్టడానికి చూసింది గానీ అది నిలవలేదు.

“నాలుగున్నరేండ్లప్పుడు గిట్ల పట్టుకున్న మేడం. బడిల అన్నం పెడతరని మా అమ్మ నేర్పింది.”

ఉమ మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “చెయ్యి దించు బిడ్డా,” అంది మెల్లగా. “ముప్పై రెండేండ్లు పంతులమ్మగ చేసిన. గీ చెవి పరీక్ష నేనూ పెట్టిన. గీ చేత్తోనే ఎందరికి జూన్ ఒకటి రాసిన్నో.” తర్వాత సర్దుకుని జోగులమ్మ వైపు తిరిగింది. “నీకేం తెల్సో చెప్పమ్మా.”

జోగులమ్మ కుర్చీ అంచున కూర్చుని చెప్పింది. దసరా జమ్మి పంచుకుని నాలుగు దినాలే. గాంధీ తాత పండుగ, శుక్రవారం. తుంగభద్ర ఊర్లెకు వచ్చింది. అందర్నీ మెరకమీది బడికి ఎక్కించారు. గౌసియాబీకి నొప్పులు. తెల్లారి శనివారం, పొద్దు పొడిచి బారెడెక్కినంక పిల్ల పుట్టింది. మంగలాయన పెట్టెలో ఉన్న కొత్త బ్లేడుతో బొడ్డు కోసింది.

“ఊరంత నీళ్ళే మేడం. బిడ్డను కడగనీకె మాత్రం చెంబెడు నీళ్ళు లెవ్వు. హెలికాప్టర్ ఏసిన నీళ్ళ పాకిట్లు మూడు తెంపి కడిగిన. నాలుగోది తల్లి తాగింది. తెల్లారి పున్నమి.”

శ్రవణ్ కుమార్ ఫోన్లో చూసి, “అక్టోబర్ మూడు, శనివారం. తెల్లారి పున్నమే మేడం,” అన్నాడు.

“మాట గట్టిదే,” అంది ఉమ మేడం. “కానీ పదిహేడేండ్ల కిందటి మాట. ఒక్క మనిషి గుర్తును నమ్మి మెమోను ఎట్ల కాదంటం?”

అప్పుడు సుబిన్ లేచి, పిల్లలందరి పుట్టుకలు రాసిన కాగితం బల్ల మీద పెట్టింది. “అవ్వ గుర్తు పరీక్ష చెయ్యండి,” అంది. “ఇరవై మూడు.”

భార్గవి ఇక తప్పదన్నట్టు దవాఖాన చీటీలు నాలుగూ తీసి పక్కన పెట్టింది. ఉమ మేడం పంతులమ్మ తీరులో పెన్సిల్ తీసుకుని ఒక్కోటీ చూసింది. ఒకటి, సరి. రెండు, సరి. మూడు, సరి. నాలుగో దాని దగ్గర పెన్సిల్ ఆగింది.

“సింధుజ. శివరాత్రి, బేస్తవారం అన్నవు. ఆ ఏడు శివరాత్రి బేస్తవారమే. కానీ చీటీల తెల్లారి తారీఖున్నది, శుక్రవారం. ఒక్కదినం తప్పిందమ్మా.”

భార్గవి తల దించుకుంది. షబానా సుబిన్ చేయి పట్టుకుంది. ఒక్క రోజు తప్పితే అన్నీ తప్పినట్టేనని, తన చదువు ఆ ఒక్క రోజు దగ్గరే ఆగిపోతుందని ఆ పిల్లకు అర్థమైంది.

జోగులమ్మకు మాత్రం కోపం వచ్చింది. “తప్పలే మేడం! జాగారం ఇడువక ముందే పుట్టింది. పొద్దు పొడిచినంక తానం చేసి ఉపాసం ఇడుస్తం. అప్పటిదంక శివరాత్రే గదా? పొద్దు పొడవంది దినమెట్ల మారుతది?”

ఉమ మేడం చీటీని దగ్గరికి లాక్కుని, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, తారీఖు పక్కన నర్సు గొలుసుకట్టు రాతలో రాసింది చదివింది. తెల్లవారుజాము మూడు గంటల నలభై నిమిషాలు.

ఆమె ఆ చీటీని శ్రవణ్ కుమార్‌కు చూపించింది. అతను లేచి నిలబడి చదివాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు. పెద్ద పెద్ద బీరువాలున్న ఆ గదిలో, ముతక చీర కట్టుకుని, చేతులకు పసుపు మరకలతో కూర్చున్న ఆ మనిషిని అందరూ ఒక్క నిమిషం అట్లా చూస్తూ ఉండిపోయారు.

“మెమో దిద్దుడు నా చేతుల లేదు,” అంది ఉమ మేడం. “వరద క్యాంపు రిజిస్టర్లు తెప్పిస్త. విచారణ ఏడాదైతదో ఎంతైతదో తెల్వదు. తేలేదాక షబానా సదనంలనే ఉంటది. కాలేజీ మానొద్దు.”

షబానా ఏడ్చింది. సుబిన్ కూడా ఏడ్చింది. భార్గవి మేడం కూలర్ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది. జోగులమ్మ ఏడవలేదు. మధ్యాహ్నం అన్నానికి ఆలస్యమవుతుందని ఆమె కంగారు ఆమెది.

“సాక్షి వేలిముద్ర పెట్టాలె,” అని శ్రవణ్ కుమార్ ఫారం ముందుకు జరిపాడు. “నీ పుట్టిన తారీఖు చెప్పమ్మా.”

జోగులమ్మ ఇరవై మూడు పుట్టుకలు మోస్తున్న తలలో తనది వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. చెప్పాల్సిన తల్లి ఆమె పాకుతున్నప్పుడే పోయింది.

“నాది తెల్వదు సారూ. నన్నెవరు అడిగిండ్రు?”

శ్రవణ్ కుమార్ ఒక్క క్షణం ఆలోచించి, అలవాటైన చేత్తో జూన్ ఒకటి అని రాశాడు. రాశాక తనే చూసుకుని నాలిక కరుచుకున్నాడు. ఉమ మేడం నవ్వింది. అందరికంటే గట్టిగా జోగులమ్మ నవ్వింది.

*

సోమవారం జూన్ ఒకటి. ఎవరో దాత పంపిన కేకు మీద పంతొమ్మిది పేర్లు పట్టక ‘అందరికీ’ అని రాయించి పంపారు. కేకు కోయడం, క్రీము ఒకరి ముక్కుకు ఒకరు రాసుకోవడం అయ్యాక అన్నాలకు కూర్చున్నారు. షబానా పెట్టె మళ్ళీ మంచం కిందికి చేరింది. ఆ పొద్దు వడ్డన తనదేనని ఆ పిల్ల జోగులమ్మ చేతిలోని గరిటె లాక్కుంది.

“నువ్వు కూసో అవ్వా.”

“అందరు తిన్నంక తింట తీ.”

“కూసోమంటున్న గదా!”

సుబిన్ రెక్క పట్టుకుని బంతిలో కూర్చోబెట్టింది. అటు వర్ష, ఇటు సింధుజ. షబానా పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. జోగులమ్మ పప్పు పోసుకుని కలపబోయింది. వేళ్ళకు అన్నం అడుగున గట్టిగా ఏదో తగిలింది. రాయేమో అనుకుంది. ఎన్ని వేల చేటలు ఏరిన చేయి, ఇంత పెద్ద రాయి ఎట్లా వదిలిందా అని మెతుకులు పక్కకు జరిపింది.

బెల్లం ముక్క.

ఆమె తల ఎత్తింది. షబానా పప్పు గిన్నె పట్టుకుని అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. సుబిన్ మాత్రం ఏప్రిల్‌లో చూసినట్టే తన వైపే చూస్తోంది. జోగులమ్మ ఏదో అందామనుకుంది. అది కాయితం పుట్టుకే పిచ్చిదానా, ఉత్తిదే, అందామనుకుంది. బెల్లం వేళ్ళకు అంటుకుని కరుగుతోంది.

పక్కనున్న సింధుజ ముందు చూసింది. “అవ్వకొచ్చింది!” అని అరిచింది. ఆ అరుపుకు చిన్నపిల్లలందరూ పళ్ళేలు వదిలేసి లేచారు. “అవ్వకొచ్చింది! అవ్వకొచ్చింది!” అని ఎంగిలి చేతులతోనే చప్పట్లు కొడుతూ ఆమె చుట్టూ గంతులు వేయడం మొదలుపెట్టారు.

“కూసోండ్రే, అన్నం తొక్కుతరు,” అని కసిరి, జోగులమ్మ ఆ ముక్కను బుగ్గన పెట్టుకుంది.